చీనీ రేటు కనిపించని ఫోన్లు: అనంతపురం నుంచి ఒక కేస్ స్టడీ

2023 మార్చి చివర్లో ఒక పొద్దున, ఇంకా ఆఫీసు షట్టరు పూర్తిగా ఎత్తకముందే ఫోన్ మోగింది. నార్పల వైపు నుంచి ఒక చీనీ (బత్తాయి) రైతు. చీనీ రేట్లు చూపించే సైటును మేమే కొత్తగా కట్టాం. "ఏమప్పా, మీరు కొత్తగా చేసిన దాంట్లో రేటే కనపడల్యా. అంతా తెల్లగా వస్తాండాది. పాతదే బాగుండె గదా" అన్నాడాయన. నా ఫోన్‌లో తెరిచి చూశాను. రేట్లు, గ్రాఫు అన్నీ రెండు సెకన్లలో వచ్చేశాయి. "సిగ్నల్ లేదేమో పెద్దాయనా, కాసేపాగి చూడండి" అని పెట్టేశాను. అదే వారంలో ఇంకో ఐదారుగురు ఇదే మాట చెప్పాక గానీ తప్పు నాదని తెలుసుకోలేదు.

పాత బ్రౌజర్లలో కూడా సైటు పనిచేయాలా అని ఎవరైనా అడిగితే అప్పటిదాకా నేను చెప్పే మాట ఒకటే: అప్‌డేట్ చేసుకోమనండి. నేను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 కాలంలో పని నేర్చుకున్నవాణ్ణి. 2001లో వచ్చిన ఆ బ్రౌజర్ కోసం ఏళ్ళ తరబడి రాత్రుళ్ళు మేలుకుని, పేజీ రూపం దిద్దే సీఎస్‌ఎస్ భాషకు అతుకులు వేసినవాణ్ణి. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఆ ఎక్స్‌ప్లోరర్ చివరి వెర్షన్ ఐఈ 11ను కూడా సాగనంపినప్పుడు ఇక ఆ చాకిరీ తీరిందనుకున్నాను. చీనీ రేట్ల పనిలో ఆ నమ్మకం ఎక్కడ సడలిందో, ఎక్కడ ఇంకా గట్టిగా నిలబడిందో ఇక్కడ రాస్తున్నాను.

పని ఏమిటంటే

కోస్తా వాళ్ళు బత్తాయి అనేదాన్ని మేం చీనీ అంటాం. అనంతపురం యార్డులో దాని రేటు టన్ను లెక్కన పలుకుతుంది. ఢిల్లీ వైపు ఎండలు ముదిరితే ఇక్కడ రేటు ఎక్కుతుంది, అక్కడ వాన పడితే దిగుతుంది. రైతు ఏ రోజుకారోజు రాత్రికి తేల్చుకోవాలి: పొద్దున్నే కూలీలను పెట్టి కాయ కోయించి బొలెరోకు ఎత్తాలా, ఇంకో నాలుగు రోజులు చెట్టు మీదే ఉంచాలా, లేకపోతే తోట దగ్గరికే వచ్చిన వ్యాపారికి ఇచ్చేయాలా. మూడోదానికి ఒప్పుకుంటే వ్యాపారి చెప్పిందే రేటు. యార్డులో ఆ రోజు ఎంత పలికిందో అతనికి తెలుసు, తోటలో నిలబడిన రైతుకు తెలియదు.

మా క్లయింటు కొందరు రైతులూ మండీ వాళ్ళూ కలిసి నడుపుకునే ఒక చిన్న సంఘం. వేలం అయ్యాక వాళ్ళ గుమాస్తా ఆ రోజు కనిష్ఠ, గరిష్ఠ రేట్లు ఎక్కిస్తాడు. సైటుకు ఉన్న అసలు పని అదొక్కటే.

పాత సైటు ఎవరో ఎప్పుడో చేసిపెట్టింది. ఆకుపచ్చ వెనకరంగు, మధ్యలో ఒక పట్టిక, కింద నాలుగు ఫోన్ నంబర్లు. చిన్న తెరలో అక్షరాలు చీమల్లా కనిపించేవి. దాన్ని తీసేసి నేను జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే కోడ్ రాసే భాష) ఫ్రేమ్‌వర్క్‌తో కొత్తది కట్టాను. సర్వరు పంపేది ఒక ఖాళీ పేజీ. ఫోన్ ఆ తర్వాత స్క్రిప్టు, అంటే ఆ కోడ్ ఉన్న ఫైలు, దించుకోవాలి, అది నడవాలి, అది వెళ్ళి రేట్లు తేవాలి, అప్పుడు పేజీ నిండుతుంది. నెల రోజుల గ్రాఫు పెట్టాను, తేదీ ఎంచుకునే క్యాలెండరు పెట్టాను, ముచ్చటైన తెలుగు ఫాంటు పెట్టాను. సంఘం పెద్దలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో చూసి మెచ్చుకున్నారు. బిల్లు కూడా వెంటనే ఇచ్చేశారు.

లెక్కలోకి రాని వాళ్ళు

ఫిర్యాదులు వచ్చాక నేను మొదట తెరిచింది అనలిటిక్స్, అంటే సైటుకు ఎవరెవరు ఏ బ్రౌజర్‌తో వచ్చారో చూపే రిపోర్టు. అందులో పాత బ్రౌజర్లు దాదాపు లేవు. "చూడండి సార్, అందరూ కొత్త క్రోమే వాడుతున్నారు" అన్నాడు మా దగ్గర పనిచేసే కుర్రాడు. ఆ మాట దగ్గర నేనూ ఒక రోజంతా ఆగిపోయాను.

మర్నాడు తట్టింది. వచ్చినవాళ్ళను లెక్కపెట్టే కోడ్‌ను కూడా నేను అదే స్క్రిప్టు ఫైల్లో కట్టగట్టాను. ఆ ఫైలు నడవని ఫోన్ లెక్కలోకే రాదు. గుడి తలుపు మూసి, లోపలున్న వాళ్ళను మాత్రం లెక్కపెట్టి, ఊరంతా దర్శనం చేసుకుందని చెప్పినట్టయింది నా పని. పాత బ్రౌజర్లు ఎవరూ వాడడం లేదని రిపోర్టు చూపించి వాదించే తోటి డిజైనర్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. ఆ రిపోర్టు ఎలా తయారైందో ఒకసారి చూడండి.

అప్పుడు సర్వరు లాగ్, అంటే తనను ఎవరేం అడిగారో సర్వరు రాసుకునే చిట్టా, తీశాను. సరిగ్గా పనిచేసిన ప్రతి ఫోనూ అందులో మూడు అడుగులు వదులుతుంది: పేజీ అడిగింది, స్క్రిప్టు అడిగింది, రేట్లు అడిగింది. మొదటి రెండూ ఉండి మూడోది లేని వరసలను వేరు చేశాను. తెరమీద కిందికి జరుపుతూ పోతే అవి అయిపోలేదు. ఎక్కువ భాగం క్రోమ్ అరవైలు, డెబ్బైల వెర్షన్లు. ఇంకొన్నిట్లో స్క్రిప్టు కూడా అడగలేదు, పేజీ అడిగి ఊరుకున్నాయి. వాటి చివర కైఓఎస్ 2.5 అని ఉంది. అది కీప్యాడ్ ఫోన్లలో నడిచే సిస్టం. అంటే జియోఫోన్.

లాగ్ చూసి ఊహించడం వద్దని యార్డుకు వెళ్ళాను. వేలం అయ్యాక టీ అంగడి దగ్గర కూర్చున్న రైతులను వాళ్ళ ఫోన్లు ఒకసారి చూపించమని అడిగాను. ఎవరూ కాదనలేదు. కొడుకు కొత్తది కొనుక్కుని నాయనకు ఇచ్చిన ఫోన్లు చాలా ఉన్నాయి. నేను అనుకున్నదానికి భిన్నంగా, చిక్కంతా ఫోన్ వయసుతో వచ్చింది కాదు. ఆండ్రాయిడ్ 6 ఉన్న ఫోన్‌లో కూడా క్రోమ్ 106 దాకా ఎక్కుతుంది, అందులో నా సైటు తెరుచుకుంటుంది. కానీ ఆ ఫోన్లలో ఉన్నది కొన్ననాటి క్రోమే. ప్లే స్టోర్‌లో వైఫై ఉంటేనే అప్‌డేట్ చేయమన్న సెట్టింగ్ ఉంది, ఆ ఇళ్ళల్లో వైఫై లేదు. మెమరీ నిండా పెళ్ళి వీడియోలు, వాట్సాప్‌లో వచ్చిన దేవుడి పటాలు. ఒకాయన ఫోన్‌లో యూసీ బ్రౌజర్ ఇంకా ఉంది. 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అదొకటి. నిషేధం వచ్చినా ఫోన్‌లో బొమ్మ పోలేదు, ఆయన వేలు దాని మీదికే పోతుంది.

అప్‌డేట్ చేసిపెడతానని ఒక పెద్దాయనను అడిగాను. "వద్దు నాయనా. పోయిన సారి మా అల్లుడు ఏందో చేసినాక ఫోను నత్తమాదిరి అయిపాయ" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఒక జీబీ ర్యామ్ ఉన్న ఫోన్‌లో కొత్త క్రోమ్ ఎలా ఈడ్చుకుంటుందో నేనూ చూశాను. అప్‌డేట్ చేసుకోమని నేను ఏళ్ళ తరబడి ఎంత తేలిగ్గా అన్నానో అక్కడ కూర్చున్నప్పుడు తెలిసింది.

తెల్ల పేజీ ఎందుకు వచ్చింది

ఒక ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి చూస్తే తప్పు మొదటి నిమిషంలోనే దొరికింది. నా కోడ్‌లో ‘?.’ అనే గుర్తు ఉంది. ఆప్షనల్ చైనింగ్ అంటారు. ఒక విలువ లేకపోయినా తప్పు రాకుండా ముందుకు పోవడానికి వాడే సౌకర్యం. క్రోమ్‌లో అది 2020 ఫిబ్రవరిలో, 80వ వెర్షన్‌తో వచ్చింది. అంతకన్నా పాత క్రోమ్‌కు అది వ్యాకరణ దోషం. దోషం ఒక్క వరసలో ఉన్నా జావాస్క్రిప్ట్ ఆ ఫైలు మొత్తాన్ని చదవడం మానేస్తుంది. నేను వాడింది వీట్ అనే బిల్డ్ టూల్, మనం రాసిన కోడ్‌ను బ్రౌజర్లు చదివే ఫైళ్ళుగా మార్చేది. మనం మార్చకపోతే అది అప్పట్లో క్రోమ్ 87 నుంచి పైవాటికే కోడ్ తయారు చేసేది, ఆ మాట దాని డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉండేది. నేను మార్చలేదు, మార్చాలా అని కూడా ఆలోచించలేదు. కైఓఎస్ 2.5 సంగతి ఇంకా వెనక. దానిలోని ఇంజిన్ ఫైర్‌ఫాక్స్ 48 నాటిది. నా స్క్రిప్టులా మాడ్యూల్ అనే కొత్త రకంగా గుర్తు పెట్టినదాన్ని అది అడగను కూడా అడగదు.

తెల్ల పేజీకన్నా నన్ను భయపెట్టింది ఇంకొకటి. క్రోమ్ 81 ఉన్న ఒక ఫోన్‌లో స్క్రిప్టు నడిచింది, రేట్లు వచ్చాయి. కానీ కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య నేను ఖాళీ పెట్టింది ఫ్లెక్స్‌బాక్స్ అనే సీఎస్‌ఎస్ అమరికలోని గ్యాప్‌తో. క్రోమ్‌లో అది 84లో గానీ రాలేదు. దాంతో పద్దెనిమిది వేలు, ఇరవై నాలుగు వేలు అని విడిగా ఉండాల్సినవి 1800024000 అని ఒకే అంకెగా అతుక్కుపోయాయి. తెల్ల పేజీ వస్తే రైతు ఇంకెవరినైనా అడుగుతాడు. తప్పుగా కనిపించే అంకెను నమ్మితే ఎవరినీ అడగడు. దీన్ని ముందే కనిపెట్టి వేరే దారి చూపడం కూడా సీఎస్‌ఎస్‌లో తేలిక కాదు. గ్యాప్ తెలుసా అని బ్రౌజర్‌ను అడిగితే గ్రిడ్ అనే మరో అమరికలో తెలుసు కాబట్టి తెలుసనే చెబుతుంది.

ఇక్కడ నాకు పాఠమైంది పేజీలోని రాతను పట్టుకునే హెచ్‌టీఎంఎల్‌కూ జావాస్క్రిప్ట్‌కూ ఉన్న తేడా. హెచ్‌టీఎంఎల్‌లో తెలియని ట్యాగు వస్తే బ్రౌజర్ దాన్ని పక్కనబెట్టి లోపలి అక్షరాలు చూపిస్తుంది. సీఎస్‌ఎస్‌లో తెలియని వరస వస్తే ఆ వరస వదిలేసి తర్వాతిది చదువుతుంది. రెండిటికీ ఓర్పు ఎక్కువ. జావాస్క్రిప్ట్‌కు లేదు. రైతుకు కావలసిన ఒకే ఒక్క అంకెను నేను ఓర్పు లేనిదాని చేతిలో పెట్టాను.

ఏం మార్చాం

పెద్ద పని కాలేదు. ఇద్దరం కూర్చుంటే ఐదు రోజులు పట్టింది. గుమాస్తా రేటు ఎక్కించిన క్షణంలోనే సర్వరు పూర్తి హెచ్‌టీఎంఎల్ పేజీ ఒకటి తయారు చేసి పెట్టుకుంటుంది. అందులో రేట్లు మామూలు పట్టికలో ఉంటాయి, నిలువు గడుల మధ్య ఎడం పాత బ్రౌజర్లకూ తెలిసిన ప్యాడింగ్‌తో ఇచ్చాం. స్క్రిప్టు రాకపోయినా, సీఎస్‌ఎస్ రాకపోయినా అంకె వస్తుంది. గ్రాఫును స్క్రిప్టులోనే ఉంచాం. నడిచే ఫోన్‌లో పట్టిక కింద గ్రాఫు కనిపిస్తుంది, నడవని ఫోన్‌లో ఆ చోటే ఉండదు. గ్రాఫు రావడం లేదని ఇప్పటిదాకా ఒక్కరూ ఫోన్ చేయలేదు.

ఈ పద్ధతి నేను కనిపెట్టిందేం కాదు. ప్రోగ్రెసివ్ ఎన్‌హాన్స్‌మెంట్ అని స్టీవ్ చాంపియన్ 2003లోనే పేరు పెట్టి చెప్పాడు. మా కుర్రాడికి నేను ఇంట్లో మాటతో చెప్పాను: ముందు విస్తట్లో సంగటి ముద్ద పడాలి. ఊరుబిండి, పప్పు, కోడిపులుసు ఉన్నదాన్ని బట్టి వడ్డించుకోవచ్చు. నేను చేసింది సంగటి లేకుండా పులుసు పోయడం.

నెట్ నుంచి దించుకోవాల్సిన వెబ్ ఫాంటును తీసేశాం. ఆపరా మినీ బ్రౌజర్ బాగా డేటా పొదుపు చేసే మోడ్‌లో అది ఎలాగూ రాదు, వచ్చే ఫోన్లలో కూడా అక్షరాలు ఆలస్యంగా కనిపించేవి. ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంటే చాలు. క్యాలెండరును కూడా తీసేశాం. ఇది మాత్రం మా ఆలోచన కాదు. సరిచేశాక నార్పల పెద్దాయనకు నేనే ఫోన్ చేసి చూడమన్నాను. "ఇప్పుడు వస్తాండాది లే. నిన్నటిది గూడా పక్కన పెట్టు, ఎక్కిందా దిగిందా తెలుస్తాది" అన్నాడు. క్యాలెండరు చోట ‘నిన్న’, ‘మొన్న’, ‘ఈ వారం’ అని మూడు లింకులు పెట్టాం. జియోఫోన్ కీప్యాడ్‌తో క్యాలెండరులో తేదీ వెతకడం ఎంత కష్టమో నేను అంతకు ముందు ఒక్కసారైనా ప్రయత్నించి ఉంటే అది మొదట్లోనే పెట్టేవాణ్ణి కాదు.

మా కుర్రాడి వాదన

"సార్, మనం ఇట్లా మోసుకుంటూ పోతే వీళ్ళు ఎప్పటికీ మారరు. సైట్లు పనిచేయడం మానేస్తేనే కొత్తది కొంటారు" అన్నాడు. ఈ వాదనను నేను కొట్టిపారేయను. ఆఫీసుల విషయంలో అది నిజం. ఐఈలోనే తెరవండి అని రాసిన సైట్ల వల్లే ఎన్నో ఆఫీసుల్లో ఐఈ అన్నేళ్ళు బతికింది. అక్కడ కంప్యూటరు మార్చగలిగిన వాళ్ళు ఉంటారు, మార్చమని గట్టిగా అడగాలి.

కానీ ఎల్లనూరు దగ్గర తోటలో ఉన్న రైతుకు సైటు రాకపోతే ఆయన ఫోన్ మార్చడు, సైటు మానేస్తాడు. ఆ రాత్రి తోట దగ్గరికి వచ్చిన వ్యాపారి చెప్పిన రేటుకు కాయ ఇచ్చేస్తాడు. నా కోడ్ కొత్తగా ఉండాలన్న కోరికకు ఆయన డబ్బులు కట్టాలనడం నాకు న్యాయంగా తోచలేదు. అందుకే ఇప్పుడు నేను ఏ బ్రౌజర్‌కు సపోర్టు ఇవ్వాలి అని మొదలుపెట్టను. వచ్చినవాడు ఏ పని మీద వచ్చాడు, ఆ పని జరగకపోతే ఎవరికి నష్టం అని మొదలుపెడతాను. అదే ఏడాది కడపలో ఒక ఇంటీరియర్ డిజైనరుకు సైటు చేశాం. అందులో గ్రిడ్ నుంచి కొత్తవన్నీ ధైర్యంగా వాడాం. పాత ఫోన్‌లో బొమ్మలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఎవరికీ పోయేదేం లేదు.

కాదన్నవి

కాటా గదిలో విండోస్ ఎక్స్‌పీ నడుస్తున్న కంప్యూటరు ఒకటి ఉంది. తూకం సాఫ్ట్‌వేర్ అందులోనే ఉంది. దానిలోని ఐఈ 8లో కూడా సైటు రావాలని గుమాస్తా అడిగాడు. రాదని, రానివ్వనని చెప్పాను. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8నే సాయం ఆపేసింది. సైటుకూ బ్రౌజర్‌కూ మధ్య నడిచే సమాచారానికి తాళం వేసేది టీఎల్‌ఎస్, దాని 1.2 వెర్షన్ ఆ బ్రౌజర్‌కు రాదు. దానికోసం సర్వరులో పాత టీఎల్‌ఎస్ తెరిస్తే మిగతా అందరి తలుపు గడియ కూడా వదులవుతుంది. టీఎల్‌ఎస్ 1.0, 1.1లను 2021 మార్చిలో పక్కనబెట్టడానికి కారణం ఉంది. సైటు చూపించకపోవడమే కాదు, ఆ కంప్యూటరుకు నెట్ కేబులే తీయించాను. తూకం వేయడానికి నెట్ అక్కర్లేదు.

రైతులకు రావాల్సిన డబ్బుల వివరాలు కూడా సైటులో చూపించాలని సంఘం అనుకుంది. ఇక్కడా కాదన్నాను. రేటు అందరికీ తెలిసినదే, ఎంత పాత ఫోన్‌లో కనిపించినా దొంగిలించడానికి ఏమీ లేదు. బ్యాంకు వివరాలు, పాస్‌వర్డులు అలాంటివి కాదు. ఏళ్ళుగా భద్రతా మరమ్మతులు లేని బ్రౌజర్‌లో రైతు చేత పాస్‌వర్డు కొట్టించడం నా చేతులతో ఆయన్ను గోతిలో దించడమే. డబ్బు జమ అయిన సంగతి ఎస్సెమ్మెస్‌లో వెళ్తుంది, అంతే. ఆఫీసులో అకౌంట్లు చూసే వ్యక్తిది విండోస్ 7. దానికి క్రోమ్ 109తో ఆగిపోయింది, 2023 జనవరి తర్వాతవి ఎక్కవు. సైటు అందులో చక్కగానే వస్తుంది. అయినా డబ్బు లెక్కలు ఉన్నది అక్కడే కాబట్టి ముందు ఆ కంప్యూటరు మార్పించాను. దీనికి సంఘం పెద్దలతో రెండు సార్లు కూర్చోవాల్సి వచ్చింది.

2024 ఏప్రిల్

మళ్ళీ ఫోన్లు మొదలయ్యాయి. ఈసారి తెల్ల పేజీ కాదు, కనెక్షన్ సురక్షితం కాదన్న ఎర్ర హెచ్చరిక. అప్పటిదాకా మేం వాడింది లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్, అంటే సైటు అసలైనదేనని ఫోన్‌కు చూపే పత్రం. ఫోన్ దేన్ని నమ్మాలో చెప్పే జాబితా ఒకటి ఫోన్‌లోనే ఉంటుంది, ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాత ఫోన్ల జాబితాలో దాని రూటు, అంటే మూల, సర్టిఫికెట్ లేదు. వేరే పాత రూటు చేసిన సంతకం అండతో అవి అన్నాళ్ళూ నెట్టుకొచ్చాయి. ఆ సంతకాన్ని మామూలుగా ఇవ్వడం 2024 ఫిబ్రవరి 8 నుంచి ఆపుతామని వాళ్ళు ఎంతో ముందుగా ప్రకటించారు. నేను చదివాను, మా సైటుకు వర్తిస్తుందని గుర్తుపెట్టుకోలేదు. సర్టిఫికెట్ దానంతటదే రెన్యూ అయిన రోజు నుంచి ఆండ్రాయిడ్ 5, 6 ఫోన్లు ఆగిపోయాయి.

రేట్ల పేజీ ఒక్కదాన్ని హెచ్‌టీటీపీఎస్, అంటే ఆ తాళం, లేకుండా వదిలేద్దామా అని ఒక సాయంత్రం గట్టిగానే ఆలోచించాను. చేయలేదు. దారిలో ఎవరైనా అంకె మారిస్తే రైతుకు తెలిసే మార్గం లేదు, అతుక్కుపోయిన అంకెలు చూసిన భయం నాకు ఇంకా పోలేదు. పాత ఫోన్లు కూడా నమ్మే రూటు ఉన్న చోట డబ్బు పెట్టి సర్టిఫికెట్ తీసుకున్నాం. ఆ ఖర్చుకు సంఘం ఒక్క మాట అడ్డు చెప్పలేదు. ఆండ్రాయిడ్ 4.4, అంతకన్నా పాతవాటిని మాత్రం వదిలేశాం. ఆ కొద్దిమందికీ రోజూ సాయంత్రం రేటు ఎస్సెమ్మెస్‌లో పోతుంది.

ఇప్పుడు కొటేషన్ రాసేటప్పుడు పాత ఫోన్ల పరీక్షకు ఒక రోజు విడిగా చూపిస్తాను. మా సొరుగులో నాలుగు ఫోన్లు ఉన్నాయి, అన్నీ వాడేసినవే, గడియారం స్తంభం దగ్గర రిపేరు అంగట్లో కొన్నవి. ఒకటి జియోఫోన్. ఒకదానిలో ఆండ్రాయిడ్ 9 ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన క్రోమ్ 139కు ఆండ్రాయిడ్ 10 ఉండాలి, కాబట్టి అది 138 దగ్గర ఆగింది. యార్డులో నేను ఇప్పుడు ఎక్కువగా చూసేవి ఆ తరం ఫోన్లే. ప్రస్తుతానికి సైటు వాటిలో ఏ తేడా లేకుండా తెరుచుకుంటోంది. సంఘం వాళ్ళు రేటు పక్కన యార్డుకు వచ్చిన కాయ ఎన్ని టన్నులో కూడా చూపించమంటున్నారు. పట్టికలో ఇంకో నిలువు గడి పెరుగుతుంది. జియోఫోన్ తెర వెడల్పు 240 పిక్సెళ్ళే. దాన్ని ఇందాకే చార్జింగ్‌లో పెట్టాను.